చిన్న ఊళ్ళ బంతియాట ప్రాంగణములు



గత సంవత్సరము వేసవియందు నేను అమెరికాలో ఉద్యోగము చేయుచున్న నా కుమారుని యింటికి బోయి రెండు నెలలు గడపితిని. మన గ్రామములనుండి పెక్కుమంది తల్లిదండ్రు లిట్లు పోయి వచ్చుచునే యున్నారు గనుక నా ప్రయాణము చెప్పుకొనదగిన వింత గాదు. అయితే ఆ వేసవిలో కుమారుడు, కోడలు, తొమ్మిదేండ్ల మనుమడు నన్ను వెంటబెట్టుకొని కారులో ఊరూర తిరుగుచు, చిన్న చిన్న బేస్‌బాల్ ప్రాంగణములను జూపిరి. మొదటి సాయంకాలమున "ఈ జట్టు ఎవరిది, నాయనా?" యని మనుమని నడిగితిని. "ఈ ఊరిదే, తాతయ్యా!" అని వాడు చెప్పెను. ఆ మాట యెంతవరకు నిజమో విచారింపగా నూరేండ్లకు మించిన చరిత్ర బయల్పడినది. దానినే నేడు మీకు మనవి చేసెదను.

బేస్‌బాల్ మన మెఱిగిన క్రికెట్టునకు దాయాది వంటిది. ఒకడు బంతి విసరును. వేఱొకడు గుండ్రని దుడ్డుకఱ్ఱతో దానిని గొట్టి, నాలుగు మూలల మజిలీలను చుట్టి వచ్చును. పక్షమునకు తొమ్మిదిమంది, ఆటకు తొమ్మిది ఆవృత్తములు. మహానగరముల జట్లు పెద్ద కూటములకు చెందినవి. వానికి క్రింది మెట్లయందున్న చిన్న కూటములను మైనర్ లీగులందురు. పెద్ద జట్ల పోటీలో తమ ఆటగాండ్రు చేజాఱిపోవుదురను భయముతో చిన్న కూటముల పెద్దలు 1901 సెప్టెంబరులో షికాగో నగరమున గూడి, తమ హక్కుల రక్షణకై ఒక జాతీయ సంఘమును స్థాపించిరి.

ఆ రక్షణ చిరకాలము నిలువలేదు. సెయింట్ లూయిస్ నగరపు కార్డినల్స్ జట్టును నడపిన బ్రాంచ్ రికీ యను నాతడు మిక్కిలి యుక్తిపరుడు. పేరుగాంచిన ఆటగాండ్రను ధనమిచ్చి కొనుటకు తన జట్టునకు శక్తి చాలదని గ్రహించి, 1920 ప్రాంతమునుండి చిన్న ఊళ్ళ జట్లనే కొనసాగెను. మనము నారుమడిలో నారు పోసి, ఏపుగా నెదిగినదానిని పీకి పెద్దమడిలో నాటుదుము గదా! ఆతడు చేసినదియు నదియే. ఆ దేశమువారును దీనికి సేద్యపు పేరే పెట్టి, ఫారమ్ పద్ధతి యనిరి. 1940 నాటికి ఆ యొక్క జట్టు చేతిక్రింద ముప్పదికి పైగా చిన్న జట్లుండెను. తక్కిన నగరములును ఆ త్రోవనే త్రొక్కినవి. పంట నగరమునకు జేరగా, చిన్న ఊరికి మిగిలినవి వేసవి సాయంకాలములు.

అవియైనను తక్కువవి గావు. 1930లో డెమోయిన్ మొదలగు ఊళ్ళలో విద్యుద్దీపముల వెలుగున రాత్రి ఆటలు మొదలైనవి. పెద్ద కూటమిలో రాత్రి ఆట 1935 వఱకును జరుగలేదు. పగలెల్ల పనిచేసిన కూలివాడు, అంగడివాడు, రైతు, ఆలుబిడ్డలతో గూడ రాత్రి భోజనమైన పిదప ప్రాంగణమునకు రాగల్గిరి. 1949లో దేశమంతట 59 చిన్న కూటము లుండెను. ఆ యేట ఆటలు చూచినవారి లెక్క నాలుగు కోట్లకు చేరువైనది. అంతలోనే టెలివిజన్ ఇంటింటికి వచ్చెను. మహానగరపు ఆట తన గదిలోనే కనబడుచుండగా ఊరి ఆటకు బోవువారు తగ్గిరి. గదులను చల్లబఱచు యంత్రములు వచ్చిన మీదట వేసవిరాత్రి బయటికి రావలసిన యక్కఱయు తగ్గెను. పదునైదేండ్లలోపల ఆ కూటములలో మూడింట రెండు వంతులు మూతబడినవి.

మేము చూచిన ప్రాంగణములలో మిక్కిలి పాతది అలబామా రాష్ట్రములోని బర్మింగ్‌హామ్ నగరమున నున్న రిక్‌వుడ్. అది 1910 ఆగష్టు 18వ తేదీన తెఱవబడినది. నేటికి నిలిచియున్న వృత్తిజట్ల ప్రాంగణములలో ఆ దేశమున నదియే ప్రాచీనము. అచ్చట తెల్లవారి జట్టొకటి, నల్లవారి జట్టొకటి యుండెడివి. తెల్లవారి జట్టు పరవూరు పోయినపుడు నల్లవారి జట్టు ఆడుచుండెను. ఆసనములును జాతిని బట్టి వేఱువేఱు. 1948లో పదునేడేండ్ల విల్లీ మేస్ ఆ నల్లవారి జట్టున నాడి, తరువాత దేశవిఖ్యాతు డయ్యెను. 1964లోగాని ఆ ఊరి జట్టులో రెండు జాతులవారును గలిసి యాడుట సంభవింపలేదు. 2024 జూన్ 18న మేస్ తొంబదిమూడవ యేట మరణించెను. అంతకు ముందే నిర్ణయమైన ప్రకారము రెండు దినముల పిమ్మట రిక్‌వుడ్‌లో పెద్ద కూటమి జట్లు ఆడినవి. ఆ పాత బల్లలపై కూర్చున్నంతసేపును మన పల్లెలలోని వేఱు బావులు నా కన్నులయెదుట గదలినవి.

ఆ గోడ మొదట పగిలినదియు చిన్న కూటములోనే. నారుమడి పద్ధతిని కల్పించిన రికీయే, బ్రూక్లిన్ జట్టునకు మాఱిన పిదప, జాకీ రాబిన్‌సన్ అను నల్లజాతి యువకుని జేర్చుకొని మాంట్రియల్ నగరపు చిన్న జట్టునకు బంపెను. 1946 ఏప్రిల్ 18న జెర్సీ సిటీలో రాబిన్‌సన్ తొలిసారి యాడి, నాలుగుమాఱులు బంతిని జయప్రదముగ గొట్టెను. ఆతని పక్షము 14-1తో గెలిచెను. పెద్ద కూటమి తలుపు ఆతనికి దెఱచుకొన్నది మఱుసటి యేడు.

ఇక రాచెస్టర్ కథ వినుడు. న్యూయార్క్ రాష్ట్రములోని ఈ నగరపు జట్టును 1928లో కార్డినల్స్‌వారు కొనిరి. ముప్పదేండ్లు గడచుసరికి లాభము చాలదని దానిని వదలుకొన దలచిరి. అపుడు మారీ సిల్వర్ అను వర్తకుడు ముందు నిలిచి, పదేసి డాలర్ల వాటాలు పెట్టి, 1957లో 8,222 మందిచే వానిని గొనిపించెను. జట్టు ఊరి సొత్తయ్యెను. 1968లో ప్రాంగణమునకు ఆతని పేరే పెట్టిరి. నేటి ఆట వేఱొక క్రొత్త ప్రాంగణమున జరుగుచున్నను ఆ వాటాల సంఘమే జట్టును నడపుచున్నది. అచ్చట నా ప్రక్కను గూర్చున్న వృద్ధుడొకడు, తన తండ్రి కొన్న వాటా కాగితము ఇంటిలో పటము కట్టియున్నదని గర్వముతో జెప్పెను. మనుమని మాట ఆ యొక్క ఊరియందు నిజమయ్యెను.

ఈ రాచెస్టర్ జట్టే 1981 ఏప్రిల్ 18 రాత్రి పాటకెట్ అను మిల్లుల పట్టణమున ఆడుచు, తొమ్మిది ఆవృత్తములలో తేలని ఆటను ముప్పదిరెండు వఱకు సాగించినది. చలికి తాళలేక ఆటగాండ్రు విఱిగిన కఱ్ఱలను మంటవేసికొనిరి. తెల్లవాఱుజామున నాలుగు గంటలకు ఆట నిలుపునప్పటికి చూపరులు పందొమ్మండ్రు మాత్రమే మిగిలిరి. జూన్ నెలలో మరల మొదలిడగా పదునెనిమిది నిమిషములలో పాటకెట్ గెలిచినది. వృత్తిజట్ల ఆటలలో నింత దీర్ఘమైనది మఱి లేదు. అట్టి కీర్తిగల జట్టును క్రొత్త ప్రాంగణము దొరికినదని యజమానులు 2021లో వూస్టర్ నగరమునకు దరలించిరి. కీర్తి ఊరికి మిగిలినది గాని జట్టు మిగులలేదు.

ఆ సమయముననే పెద్ద కూటమివారు చిన్న కూటముల యధికారమును స్వయముగ జేపట్టి, తమ కనుబంధముగ నున్న 160 జట్లను 120కి దగ్గించిరి. వదలివేయబడిన ఊళ్ళలో కొన్ని స్వతంత్ర కూటములలో జేరినవి. కొన్ని కళాశాల విద్యార్థుల జట్లతో సరిపుచ్చుకొన్నవి. 1901 నాటి సంఘము దేనికై పుట్టెనో ఆ స్వాతంత్ర్యము ముగిసినది. అయితే ఆటగాండ్రకు కొంత మేలును గలిగెను: వారు 2022లో కార్మికసంఘమున జేరి, 2023లో తమ వేతనములను రెట్టింపునకు మించి పెంచుకొనిరి. వారిలో పెక్కుమందికి పెద్దమడి యెన్నడును దక్కదు. మన ఉత్తరప్రదేశమునుండి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అను యువకు లిరువురు 2008లో పిట్స్‌బర్గ్ జట్టుతో ఒడంబడిక చేసికొని, చిన్న కూటమిలో ఆడిరేగాని పైమెట్టు నెక్కలేదు.

సోదరులారా, మన ఊళ్ళలోను తిరునాళ్ళ తోపులు, కోలాటపు బయళ్ళు, పశువుల సంత ప్రదేశము లున్నవి. వానిని మనవే యనుకొందుము. అనుకొనుట వేఱు, పత్రమున వ్రాసికొని పదిమంది పూచీపడుట వేఱు. పాటకెట్టునకును రాచెస్టరునకును గల భేద మింతమాత్రమే. తిరుగు ప్రయాణపు రాత్రి మనుమడు కారులో నిద్రించుచు, ఆటలో దొరికిన బంతిని గుప్పిట విడువలేదు. వాడు పెద్దవాడగునప్పటికి ఏ ప్రాంగణములు మిగిలియుండునో! సెలవు.