బ్లాకులు, లేయర్లు (క్యాడ్)
కంప్యూటర్ డ్రాయింగులో గీతలను రకాలవారీగా విడదీసేది లేయరు. తలుపు, స్తంభం లాగా పదేపదే వచ్చే బొమ్మను ఒకే వస్తువుగా కట్టేది బ్లాకు. 1982లో వచ్చిన ఆటోక్యాడ్‌తో ఈ పద్ధతి డ్రాఫ్ట్స్‌మన్లకు బాగా అలవాటైంది.

బ్లాకు నిర్వచనం మారిస్తే డ్రాయింగంతటా దాని ప్రతులు మారతాయి; ఎక్స్‌ప్లోడ్ చేసి విడి గీతలుగా మార్చినవి మాత్రం మారవు. ‘0’ లేయరులో, రంగు ‘బైలేయర్’గా (లేయరు రంగే వచ్చేలా) ఉంచి గీసిన బ్లాకు, తనను చొప్పించిన లేయరు రంగునే తీసుకుంటుంది. కొత్తవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే. ‘డెఫ్‌పాయింట్స్’ లేయరు ముద్రణకు రాదు. వాడని బ్లాకులను ‘పర్జ్’ ఆదేశం తీసేస్తుంది.

లేయర్లు ఎలా విడదీయాలో చూడటానికి ఒక ఉదాహరణ: భద్రాచలం దగ్గర గోదావరి వరద ప్రమాద హెచ్చరికలు మూడు: 43, 48, 53 అడుగులు. 1986లో వరద 75.6 అడుగులకు చేరింది. ఒడ్డున కట్టడం గీసేటప్పుడు వీటికీ, అటవీ హద్దుకూ వేర్వేరు లేయర్లు ఉండాలి. హద్దురాళ్లన్నిటికీ ఒక్క బ్లాకు చాలు. అయితే ఆ అంకెలు గేజి రీడింగులు, నేల మీద నీటి లోతు కాదు. సర్వే మట్టంలోకి మార్చాకే గీయాలి.

ఖమ్మం నగరంలో లేయర్ల క్రమం సొంత సౌకర్యం కోసమే కాదు. భవన నిర్మాణానికి ఇచ్చే ఆన్‌లైన్ అనుమతుల్లో తనిఖీ సాఫ్ట్‌వేర్ స్థలాన్నీ రోడ్డునూ లేయరు పేరును బట్టే గుర్తిస్తుంది.