యార్క్ రాజవంశం

యార్క్ వంశం 15వ శతాబ్దంలో ఇంగ్లండును ఏలిన రాజవంశం, ప్లాంటాజెనెట్ వంశానికి ఒక శాఖ. నాలుగో ఎడ్వర్డ్, అయిదో ఎడ్వర్డ్, మూడో రిచర్డ్ ఈ వంశపు రాజులు. 1461లో మొదలైన వీరి ఏలుబడి నడుమ కొన్ని నెలలు తెగిపోయి, 1485లో ముగిసింది. పాతికేళ్లైనా నిండని ఈ పాలన మీద నాటకాలు, నవలలు నాలుగు శతాబ్దాలుగా వస్తూనే ఉన్నాయి.

మూలం దాయాదుల తగాదా. మూడో ఎడ్వర్డ్ సంతతిలో లంకాస్టర్ శాఖ 1399లో గద్దెనెక్కింది. తన తల్లి వారి మూలపురుషుడి అన్న సంతతికి చెందిందని, కాబట్టి హక్కు తనదేనని యార్క్ డ్యూక్ రిచర్డ్ వాదించాడు. లంకాస్టర్ రాజు ఆరో హెన్రీకి మతి చలించడం అతనికి కలిసొచ్చింది. 1460 డిసెంబరులో వేక్‌ఫీల్డ్ దగ్గర డ్యూక్ హతుడయ్యాడు. శత్రువులు అతని తలకు కాగితపు కిరీటం పెట్టి యార్క్ నగర ద్వారం మీద గుచ్చారు. మూడు నెలలు తిరక్కుండానే, 18 ఏళ్ల కొడుకు ఎడ్వర్డ్ టౌటన్ దగ్గర మంచు కురుస్తుండగా లంకాస్టర్ సేనను చిత్తు చేశాడు.

నాలుగో ఎడ్వర్డ్ 1464లో ఎలిజబెత్ వుడ్‌విల్ అనే వితంతువును రహస్యంగా పెళ్లాడాడు. ఇది అండగా నిలిచిన వారిక్ ప్రభువుకు మింగుడు పడలేదు. అతను ఎదురు తిరగడంతో ఎడ్వర్డ్ 1470లో దేశం విడిచి పారిపోయి, మరుసటి ఏడు తిరిగొచ్చి గద్దె దక్కించుకున్నాడు. 1483 ఏప్రిల్‌లో అతను చనిపోయేనాటికి వారసుడికి 12 ఏళ్లు. సంరక్షకుడైన పినతండ్రి రిచర్డ్, తన అన్న వివాహం చెల్లదంటూ తానే రాజయ్యాడు. లండన్ టవర్‌లో ఉంచిన ఇద్దరు అన్నకొడుకులు ఆ తర్వాత ఎవరి కంటా పడలేదు. 1485 ఆగస్టు 22న బాస్వర్త్‌లో రిచర్డ్ నేలకూలాడు. గెలిచిన హెన్రీ ట్యూడర్ ఎడ్వర్డ్ కూతురిని పెళ్లాడాడు.

ఈ అంతర్యుద్ధాలకు ‘గులాబీల యుద్ధాలు’ అన్న పేరును వ్యాప్తిలోకి తెచ్చింది వాల్టర్ స్కాట్ 1829 నాటి నవల. ప్రభువులు తోటలో ఎరుపు, తెలుపు గులాబీలు కోసి పక్షాలు ఎంచుకోవడం షేక్‌స్పియర్ కల్పన. ట్యూడర్ల కాలపు గ్రంథాలే ఆధారంగా రాసిన ఆయన రిచర్డ్‌ను గూనివాడిగా, చేయి చచ్చినవాడిగా, పరమ దుర్మార్గుడిగా నిలబెట్టాడు. 1455 నాటి సెయింట్ ఆల్బన్స్ పోరులో సోమర్సెట్ డ్యూక్‌ను అతని చేతే చంపించాడు కూడా. అప్పటికి రిచర్డ్‌కు మూడేళ్లయినా నిండలేదు! చరిత్రగా చూస్తే తప్పే, నాటకంగా చూస్తే ఆ పాత్రకు సాటి లేదు.

2012లో లెస్టర్‌లో ఒక కార్ పార్కింగ్ స్థలం కింద రిచర్డ్ అస్థిపంజరం దొరికింది. వెన్నెముక పక్కకు వంకర తిరిగి ఉంది. అంటే ఒక భుజం ఎత్తుగా ఉండేదన్నమాట. గూని మాత్రం లేదు, చేతులూ బాగానే ఉన్నాయి.

మాయమైన పిల్లల కథే నవలాకారులను ఎక్కువగా లాగింది. తానే చిన్న రాకుమారుణ్నని చెప్పుకొని, 1499లో ఉరికంబమెక్కిన పెర్కిన్ వార్బెక్‌ను మేరీ షెల్లీ 1830లో నిజమైన వారసుడిగానే చిత్రించింది. జోసెఫిన్ టే 1951 నవలలో ఆసుపత్రి మంచం మీదున్న డిటెక్టివ్ పాత గ్రంథాలు తిరగేసి రిచర్డ్‌ను నిర్దోషిగా తేలుస్తాడు. వాదం ఏకపక్షమే అయినా, రిచర్డ్ పట్ల పాఠకుల ధోరణి మారడానికి ఆ నవల బాగా తోడ్పడింది. ఫిలిప్పా గ్రెగరీ 2009 నవలలో తల్లి ఎలిజబెత్ చిన్న కొడుకును దాచి, బదులు వేరే పిల్లవాణ్ని టవర్‌కు పంపుతుంది. 1674లో టవర్ మెట్ల కింద దొరికిన ఎముకలను మాత్రం ఆ అన్నదమ్ములవేనని భావించి వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఉంచారు.