క్రెస్సీ: ఒక పాత పడవ, కొన్ని పాత కాలువలు

1939 జూలై మాసములో ఇంగ్లండులోని బాన్‌బరీ పట్టణమునుండి ఒక పాత చెక్క పడవ బయలుదేరినది. దాని పేరు క్రెస్సీ. అందులోనున్నవారు ఎల్. టి. సి. రోల్ట్ అను యువ ఇంజనీరు, ఆయనను అప్పుడే వివాహమాడిన ఏంజెలా. వారికి నేలమీద ఇల్లు లేదు. ఆ పడవయే వారి ఇల్లు. పన్నెండు సంవత్సరములు రోల్ట్ ఆ పడవలోనే కాపురముండెను. ఇది ఒక దంపతుల వింత కోరికగా మాత్రమే మిగిలియున్నచో నేడు మేము శ్రోతలకు చెప్పదగిన చరిత్ర కాకపోవును.

ఇంగ్లండు కాలువల సంగతి ముందుగా కొంత తెలియవలెను. 1761లో వర్స్‌లీ గనులనుండి మాంచెస్టరు నగరమునకు బొగ్గు చేరవేయుటకై బ్రిడ్జ్‌వాటర్ ప్రభువు కాలువ తెరువబడినది. దానికి పనిచేసిన జేమ్స్ బ్రిండ్లీయే తరువాత దేశమధ్యమున మరికొన్ని కాలువలకు రూపకల్పన చేసెను. వ్యయము తగ్గించుటకై ఆ కాలువల లాకులను సుమారు 7 అడుగుల వెడల్పుతోనే కట్టించిరి. పడవ ఆ లాకులో పట్టవలెను గనుక వెడల్పు 7 అడుగులకు మించరాదు. పొడవు మాత్రము 70 అడుగులవరకు ఉండవచ్చును. ధవళేశ్వరము దిగువ లాకులలో పడవలు ఎక్కి దిగుట చూచినవారికి ఈ ఏర్పాటు క్రొత్త కాదు. అయితే ఒక భేదమున్నది. కాటన్ దొర త్రవ్వించిన గోదావరి కాలువలు పొలములకు నీరిచ్చుచు పడవలను మోసినవి. పడవ రవాణా తగ్గినను రైతుకు ఆ కాలువ కావలెను. ఇంగ్లండు కాలువలు ప్రధానముగా పడవలకొరకే పుట్టినవి. పడవ పోయినచో అడుగువారు ఎవరు?

రైళ్లు వచ్చిన పిదప అదే జరిగినది. అనేక కాలువలను రైలు కంపెనీలే కొనివేసినవి. బాడుగ తగ్గగా కాలువ పడవవారు ఇంటి అద్దె భరించలేక ఆలుబిడ్డలను పడవమీదికి తెచ్చుకొనిరి. పది అడుగుల పొడవైనను లేని గదిలో వంట, నిద్ర, పురుళ్లు. వారి దుఃస్థితి చూచి పార్లమెంటు 1877లోను, 1884లోను కాలువ పడవల శాసనములు చేసినది. ఆ చిన్న గది గోడలమీద వారు చిత్రించుకొన్న గులాబీలను, కోటలను నేటివారు ముచ్చటపడి చూతురు. పడవ కాపురమును మొదట నేర్పినది మాత్రము సరదా కాదు, పేదరికము.

ఇక క్రెస్సీ. అది మొదట గుఱ్ఱము గట్టుమీద నడచుచు త్రాటితో లాగిన సరకుల పడవ. రోల్ట్ మేనత్త భర్తయో, పినతల్లి భర్తయో అను విచారణ మనకు వలదు. ఆయన బంధువు కైర్ల్ విలన్స్ దానిని కొని ఆవిరియంత్రము బిగించెను. సొరంగములలో ఆవిరి కమ్ముకొని చుక్కాని పట్టుట అసాధ్యమయ్యెను. అంతట దానిని తీసివేసి ఫోర్డు మోడల్ టి కారు ఇంజను పెట్టించెను. ఆ విధముగా మోటారు పడవయైన క్రెస్సీని రోల్ట్ ఆయనయొద్దనే కొని, బాన్‌బరీలోని టూలీవారి పడవల కార్ఖానాలో ఇల్లుగా మార్పించెను. స్నానపు తొట్టి సైతము అమర్చుకొనెను.

పాత పడవ కొనువారు సాధారణముగా ఇంజను చప్పుడు వినెదరు, గది సొంపు చూచెదరు. నీటిక్రింద నున్నది కంటికి కానరాదు. చెక్క పడవకు ప్రాణము అచ్చటనే యుండును. పలకల సందులలో నార కూరి, తారు పూసి ఎంత కాపాడినను చెక్క నానుచునే యుండును. దీనికి తోడు మఱియొక చిక్కు. నేలపై ఇల్లు కొన్నవానికి నేల తొలగిపోవునను భయము లేదు. పడవ కొన్నవానికి కాలువయే పూడిపోవచ్చును. రోల్ట్ ఎదుర్కొన్నది ఈ రెండవ చిక్కును. పూడికతో, నాచుతో నిండిన కాలువలలో క్రెస్సీ నడచినది. ప్రయాణము నడుమనే యుద్ధము వచ్చినది.

ఆ యాత్రను గూర్చి ఆయన వ్రాసిన ‘నారో బోట్’ 1944లో వెలువడెను. అది చదివి రాబర్ట్ ఐక్‌మన్ అను రచయిత ఉత్తరము వ్రాసి, 1945లో టార్డ్‌బిగ్ వద్ద కట్టియున్న క్రెస్సీకి వచ్చి ఆయనను కలిసికొనెను. మరుసటి సంవత్సరమే అంతర్దేశ జలమార్గముల సంఘము పుట్టినది.

1947లో జరిగిన సంఘటన మాకు మిక్కిలి నచ్చినది. స్ట్రాట్‌ఫర్డు కాలువపై లిఫర్డ్ వద్దనున్న ఎత్తుడు వంతెనను రైలు కంపెనీ కదలకుండ బిగించివేసినది. ప్రభువుల సభలో ప్రశ్న రాగా, ముందుగా తెలిపినచో వంతెన నెత్తుదుమని సమాధానము వచ్చినది. రోల్ట్ వెంటనే తాను వచ్చుచున్నట్లు తెలిపెను! కంపెనీవారు జాకీలతో వంతెనను పైకెత్తక తప్పలేదు. చట్టములో నున్న దారిహక్కును నిలిపినది ఒక పాత పడవ. అది అచ్చటికి రాకున్నచో ఆ హక్కు కాగితముమీదనే యుండెడిది.

మిత్రులిద్దరు తరువాత విడిపోయిరి. ప్రతి మైలును కాపాడవలెనని ఐక్‌మన్, కాపాడదగినవానిని ముందు ఎంచుకొనవలెనని రోల్ట్. 1951లో రోల్ట్ సంఘమునుండి తొలగింపబడెను. ఆయన మాట వివేకముతో కూడినదే. కాని దక్షిణ స్ట్రాట్‌ఫర్డు కాలువ 1964లోను, కెనెట్ ఏవన్ కాలువ 1990లోను మరల తెరువబడుట చూచినచో, కాలము ఐక్‌మన్ మొండితనమునకే ఎక్కువ సాక్ష్యము పలికినదని మాకు తోచుచున్నది.

ఆ 1951లోనే క్రెస్సీ అడుగు పుచ్చి మరమ్మతుకు పనికిరానిదని తేలినది. చివరకు దానిని నీట ముంచివేసిరి. ఏంజెలా కూడ ఆ సంవత్సరమే విడిపోయి సర్కసు కంపెనీలో చేరెను. రోల్ట్ వేల్సులోని టాలిలిన్ చిన్న రైలుదారిని కాపాడు పనిలో పడెను, 1974లో మరణించెను.

నేడు ఆ దేశపు కాలువలపై 30,000కు పైగా పడవలున్నవి. వానిలో కాపురముండువారు అనేకులు. అద్దెలు పెరిగి వచ్చినవారును వారిలో కలరు. పడవ అడుగు ఇప్పుడు ఉక్కుది. అయినను కొనుటకు ముందు దానిని నీటినుండి పైకి తీయించి, రేకు మందము కొలిపించుట నేటి ఆచారము. 1995 శాసనము ప్రకారము, స్థిరమైన రేవు లేని పడవ సాధారణముగా ఒకేచోట 14 దినములకు మించి నిలువరాదు. బాన్‌బరీలో టూలీవారి కార్ఖానా చుట్టును పెద్ద అంగడి సముదాయము లేచినది. దాని నడుమ ఆ పాత పొడి రేవు ఇంకను పనిచేయుచున్నది. పడవలను అందులోనికి తెచ్చి, నీరు తీసివేసి, అడుగులకు నల్లపూత పూయుచున్నారు.