ద్రావణి కుదిర్చిన పొత్తు

మిశ్రమంలోని పదార్థాలను విడదీయడం ఒక పని. విడివడిన పదార్థమేదో గుర్తించడం మరొక పని. నేటి ప్రయోగశాలల్లో మొదటి పనిని ద్రవ క్రొమటోగ్రఫీ, రెండవదానిని మాస్ స్పెక్ట్రోమీటరు నిర్వహిస్తున్నవి. ఈ రెంటికీ పొత్తు కుదరడానికి చాలాకాలం పట్టింది. అందుకు అడ్డు వచ్చినది ద్రావణి.

క్రొమటోగ్రఫీకి ఆద్యుడు రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెట్. ఆయన 1903లో వార్సా నగరంలో తన పద్ధతిని వివరించాడు; 1906లో దానికి పేరు పెట్టాడు. గాజు గొట్టంలో సుద్దపొడి కూరి, ఆకుల రంగును కార్బన్ డైసల్ఫైడులో కరిగించి పైనుండి పోయగా, పచ్చని, పసుపుపచ్చని పట్టీలు వేర్వేరుగా ఏర్పడినవి. 1941లో ఇంగ్లండులో మార్టిన్, సింజ్ అనే శాస్త్రజ్ఞులు సిలికా జెల్‌లో నీటిని నిలిపి, క్లోరోఫారంను ప్రవహింపజేసి ఎమైనో ఆమ్లాల ఉత్పన్నాలను విడదీశారు. వారికి 1952లో నోబెల్ బహుమానం లభించింది. 1960 దశకంలో ఉక్కు గొట్టాలు, అధిక పీడనపు పంపులు వచ్చినవి. క్రమంగా నీరు, మిథనాల్, ఎసిటోనైట్రైల్ ముఖ్య ద్రావణులైనవి.

మాస్ స్పెక్ట్రోమీటరు అణువులకు విద్యుదావేశం కల్పించి, శూన్యంలో పరుగెత్తించి తూచే త్రాసు వంటిది. శూన్యం చెడితే త్రాసు పనిచేయదు. వాయు క్రొమటోగ్రఫీని దీనితో జతపరచడం 1950 దశకంలోనే సాధ్యమైంది. మరి ద్రవంతో ఎందుకు కాలేదు? నిమిషానికి ఒక మిల్లీలీటరు నీరు ప్రవహిస్తే, ఆవిరిగా మారి సాధారణ పీడనంలోనే లీటరుకు పైగా చోటు ఆక్రమిస్తుంది. శూన్యయంత్రంలో అది కోట్ల లీటర్లు! అంత ఆవిరిని తోడివేయడం ఆనాటి పంపులకు తరం కాలేదు.

1976లో మక్‌ఫాడెన్ బృందం ద్రవాన్ని కదిలే పట్టీపై పోసి, ద్రావణిని ముందే ఆవిరి చేసి, మిగిలిన పదార్థాన్ని లోపలికి పంపింది. కాని వేడికి ఓర్వని పదార్థాలు ఇందులో చెడిపోయేవి. 1983లో వెస్టల్ బృందం వివరించిన థర్మోస్ప్రేలో ద్రవం వేడి గొట్టం నుండి తుంపరగా వెలువడుతుంది. 1968లో మాల్కం డోల్ చేసిన ప్రయత్నాన్ని అందుకొని, యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ ఫెన్ 1984లో ఎలెక్ట్రోస్ప్రేను నిరూపించాడు. ఇందులో ద్రవం విద్యుద్బలంతో సన్నని బిందువులుగా చీలి, బయటి గాలి పీడనంలోనే ఆవిరైపోతుంది. ఆవేశం గల అణువులు మాత్రమే శూన్యంలోకి పోతవి. పెద్ద ప్రోటీనులు సైతం చెదరక తూకానికి వచ్చినవి. 2002లో ఫెన్ నోబెల్ బహుమానంలో భాగం పొందాడు.

ఈ పొత్తుకు కొన్ని షరతులున్నవి. విద్యుత్తును ప్రసరింపనీయని హెక్సేన్ వంటి ద్రావణి తుంపరకు పనికిరాదు. క్రొమటోగ్రఫీలో వెనుక ఎంతో ఉపకరించిన ఫాస్ఫేటు లవణాలు ఆవిరి కాక, ద్వారం వద్ద పెచ్చు కడతవి. వాటికి బదులు ఆవిరయ్యే అమోనియం ఎసిటేటు, ఫార్మిక్ ఆమ్లం వాడుకలోకి వచ్చినవి. టెట్రాహైడ్రోఫ్యురాన్ కొన్ని ప్లాస్టిక్ గొట్టాలను ఉబ్బజేస్తుంది. క్లోరైడులు ఉక్కును తినివేస్తవి.

ఇది కేవలం యంత్రాల గొడవ కాదు. 2018లో వల్సార్టాన్ అనే రక్తపోటు మందులో, కేన్సరు కలిగించగల నైట్రోసమైన్ మాలిన్యం బయటపడి, అనేక దేశాల్లో దానిని వెనక్కు తీసుకున్నారు. అటువంటి లేశమాత్రపు మాలిన్యాలను కొలిచే సాధనాలలో ఈ జంటయంత్రం ఒకటి. రోగి మింగే మాత్ర నిర్దోషమని చెప్పడానికి, ముందుగా ద్రావణి ఆ రెండు యంత్రాలకూ నచ్చినదై ఉండాలి.