రక్తనదికి రేవు: కృత్రిమ రక్తనాళముల చరిత్ర

నది యెంత నిండుగా ప్రవహించినను రేవు లేనిచో కడవ ముంచుకొనుట కష్టము. మూత్రపిండములు చెడిన రోగులకు చేయు రక్తశుద్ధి, అనగా డయాలిసిసు యొక్క చరిత్ర నంతయు ఈ ఒక్క మాటలో చెప్పవచ్చును. రక్తమును కడుగు యంత్రము ముందే పుట్టినది. ఆ యంత్రమునకు రక్తము నందించు రేవు మాత్రము చాలకాలము దొరకలేదు. ఆ రేవును వెదకినవారి కథయే ఈ వ్యాసము.

రాయపూరులోని తెలుగువారికి ఇది దూరపు కథ కాదు. 1931లో పూర్తియైన రాయపూరు - విజయనగరము రైలుమార్గము కలిపిన రెండు సీమలలోను మూత్రపిండ వ్యాధి తిష్ఠ వేసినది. ఆ వైపున శ్రీకాకుళము జిల్లాలో ఇచ్ఛాపురము మొదలు పలాస వఱకు కొబ్బరితోటలతోను, జీడిమామిడితోటలతోను పచ్చగా నుండు ఉద్దానము కలదు. ఈ వైపున, 2012 వఱకు రాయపూరు జిల్లాలో నుండి తరువాత గరియాబంద్ జిల్లాలో చేరిన దేవభోగ్ ప్రాంతమున సుపేబేడా గ్రామము కలదు. మధుమేహము లేని కష్టజీవులు సైతము ఈ రెండు చోట్ల మూత్రపిండములు చెడి మరణించుట జరిగినది. కారణము ఇదమిత్థమని నేటికిని తేలలేదు. ఉద్దానపు రోగులకై పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైనది. 2016 నాటి కేంద్ర బడ్జెటులో ప్రకటింపబడిన జాతీయ డయాలిసిసు పథకము వలన జిల్లా ఆసుపత్రులకును యంత్రములు వచ్చినవి. కాని యంత్రము దగ్గరకు వచ్చినంత మాత్రమున చాలదు.

ఏల చాలదో చూతము. డయాలిసిసు జరుగు నాలుగు గంటలసేపును నిమిషమునకు సుమారు 300 మిల్లీలీటర్ల రక్తము యంత్రములోనికి పోయి తిరిగి రావలెను. చర్మము క్రింద మనకు కనబడు నీలిసిరలలో అంత వేగము లేదు. వేగము గల ధమనులు లోతున నుండును. వానిని మాటిమాటికి పొడుచుట అపాయకరము. వారమునకు మూడు పర్యాయములు, ఒక్కొక్క పర్యాయమునకు రెండేసి సూదులు చొప్పున లెక్కించినచో, ఏడాదికి 312 పోట్లు. ఇన్ని పోట్లకు ఓర్చుకొను రక్తనాళము మానవశరీరమున సహజముగా లేదు.

హాలెండు దేశమున కాంపెన్ పట్టణములో విలియం కోల్ఫ్ అను వైద్యుడు రెండవ ప్రపంచయుద్ధ కాలమున, జర్మనుల యాక్రమణ సాగుచుండగనే, 1943లో కృత్రిమ మూత్రపిండమును నిర్మించెను. మాంసము కూరి అమ్ముటకు వాడు సెల్లోఫేన్ గొట్టమును ఒక పీపాకు చుట్టి, దానిని లవణజలమున త్రిప్పుటయే ఆ యంత్రము. మొదటి రోగులు బ్రతుకలేదు. 1945లో 67 ఏండ్ల వృద్ధురాలు ఒకామె స్పృహ తప్పిన స్థితినుండి కోలుకొనెను. అయినను ప్రతి చికిత్సకును రోగి రక్తనాళమును కోసి గొట్టము దూర్చవలసి వచ్చుచుండెను. కొన్ని చికిత్సలతోనే కోయుటకు చోటు మిగులకుండెడిది. అందుచేత తాత్కాలికముగా మూత్రపిండములు స్తంభించిన వారికే ఈ చికిత్స పరిమితమయ్యెను. శాశ్వతముగా చెడినవారికి దారి లేకపోయెను.

ఆ దారిని తెఱచినవాడు అమెరికాలోని సియాటిల్ నగర వైద్యుడు బెల్డింగ్ స్క్రిబ్నర్. 1960 మార్చిలో ఆయన క్లైడ్ షీల్డ్స్ అను రోగి చేతిలో ఒక గొట్టమును ధమనికి, ఒక గొట్టమును సిరకు అమర్చి, చికిత్స లేని సమయమున ఆ రెంటిని చర్మముపై కలిపియుంచెను. టెఫ్లాన్ అను జారుడు పదార్థముతో చేసినందున అందు రక్తము త్వరగా గడ్డకట్టలేదు. షీల్డ్స్ 1971 వఱకు జీవించెను. కాని చర్మము వెలుపల నుండు గొట్టములకు చీము పట్టుట, అవి ఊడి రక్తస్రావమగుట మొదలైన బాధలు తప్పలేదు.

తరువాతి మెట్టు న్యూయార్కులో బ్రెస్కియా, సిమినో అను వైద్యులది. శస్త్రవైద్యుడు అపెల్ సాయముతో మణికట్టువద్ద ధమనిని ప్రక్కనున్న సిరకు కుట్టించిరి. ధమనీవేగము సోకిన సిర కొన్ని వారములలో లావెక్కి, గోడ గట్టిపడి, సూదిపోట్లకు తాళుకొనగలిగెను. ఫిస్టులా యనబడు ఈ పద్ధతిని వారు 1966లో ప్రకటించిరి. నేటికిని ఇదియే అత్యుత్తమమైన రేవు. ఇట్లు నాళమునకు నాళమును కుట్టు విద్యకు పునాది వేసిన అలెక్సిస్ కారెల్ 1912లోనే నోబెల్ బహుమానము నందెను.

మఱి సిరలే సన్నగిలినవారి గతి యేమి? వృద్ధులకు, దీర్ఘకాల మధుమేహరోగులకు, ఆసుపత్రులలో సూదులు గ్రుచ్చించుకొని సిరలు పాడైనవారికి ఫిస్టులా కుదురకపోవచ్చును. కాలి సిరను తీసి చేతిలో అమర్చిరి. శుద్ధిచేసిన పశుధమనులను వాడిచూచిరి. చివరకు కృత్రిమ నాళమే శరణ్యమైనది.

కృత్రిమ నాళముల కథ గుడ్డతో మొదలైనది. కుక్క గుండెలో మిగిలిన పట్టుదారముపై నునుపైన పొర యేర్పడుటను ఆర్థర్ వూర్హీస్ 1947లో గమనించి, కృత్రిమ నూలు గుడ్డతో నాళములు కుట్టి 1952లో ఫలితములు ప్రకటించెను. ఆ దశకముననే హ్యూస్టన్ నగరమున మైకేల్ డిబేకీ నైలాను గుడ్డకై దుకాణమునకు పోగా, అది లేదని డాక్రాన్ ఇచ్చిరట. ఆ గుడ్డతో ఆయన స్వయముగా మిషనుపై నాళములను కుట్టెను. పెద్ద ధమనులకు ఇవి చక్కగా పనికివచ్చెను. సన్నని నాళములలో మాత్రము రక్తము గడ్డకట్టుచుండెను.

ఇక్కడ టెఫ్లాన్ మరల రంగప్రవేశము చేసినది. 1938లో రాయ్ ప్లంకెట్ పరిశోధనశాలలో అనుకోకుండ బయటపడిన ఈ పదార్థము మన వంటయింటి అంటుకొనని పెనములపై పూత యైనదే. 1969లో బాబ్ గోర్ దాని కడ్డీలను వేడిచేసి మెల్లగా సాగదీయబోగా అవి తెగిపోవుచుండెను. విసిగి ఒక కడ్డీని ఒక్క ఉదుటున లాగగా అది పలురెట్లు సాగి, కంటికి కానరాని రంధ్రములతో నిండిన మెత్తని వస్తువుగా మారెను. దానితో చేసిన గొట్టములను డయాలిసిసు రోగుల చర్మము క్రింద అమర్చి బేకర్ మొదలగు వైద్యులు 1976లో ఫలితములను వెల్లడించిరి. రోగి ధమనికి ఒక కొనను, సిరకు ఒక కొనను కుట్టి, నడిమి భాగమున సూదులు గ్రుచ్చుదురు. సాధారణముగా దీని వ్యాసము 6 మిల్లీమీటర్లు. రెండు మూడు వారములలోనే వాడుకకు వచ్చును.

అయినను మానవుడు చేసిన రేవు సహజమైన రేవునకు సాటిరాదు. గొట్టము సిరతో కలియుచోట లోపలిపొర దళసరియై దారి ఇఱుకగును, రక్తము గడ్డకట్టును, ఫిస్టులా కంటె దీనికి చీముపట్టు భయము హెచ్చు. కావున వైద్యులు వీలైనచో ముందు ఫిస్టులాను, అది కుదురనిచో గ్రాఫ్టును ఆలోచింతురు. మెడలోని పెద్దసిరలో నుంచు గొట్టము వలన చీము భయము ఇంకను హెచ్చు గనుక, దానిని సాధ్యమైనంతవఱకు అత్యవసరమునకే వాడుదురు.

ఈ చరిత్రనుండి మన కుటుంబములు గ్రహింపవలసిన దొకటి కలదు. మూత్రపిండముల శక్తి తగ్గుచున్నదని వైద్యుడు చెప్పిన నాడే రేవును గూర్చి విచారింపవలెను. ఫిస్టులా పక్వమగుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. వాడుకలో లేని చేతి సిరలను, ముఖ్యముగా ముంజేతి సిరలను, రక్తపరీక్షలకును సెలైనునకును ఇయ్యక కాపాడుకొనవలెను. ఫిస్టులా గాని గ్రాఫ్టు గాని అమర్చిన చేతికి రక్తపుపోటు చూడనీయరాదు. ఆ చేతిపై బరువు మోపి నిద్రింపరాదు. ప్రతిదినము వ్రేళ్లతో తాకి, లోపల రక్తము గలగల పాఱు అదురును గమనింపవలెను. అది ఆగినచో మఱునాటి వఱకు వేచియుండక వైద్యుని చేరవలెను.

కోల్ఫ్ కాలమున మూత్రపిండములు శాశ్వతముగా చెడిన రోగులకు యంత్రము పుట్టినను రేవు కొఱతపడినది. నేడు ఉద్దానమునను, సుపేబేడాలోను, రాయపూరు వీధులలోను ఉన్న మన రోగులకు రేవు నిర్మించు విద్య కలదు. దానిని సకాలమున అందుకొనుట రోగి వంతు. అందునట్లు చూచుట మనందఱి వంతు.