ఆన్‌లైన్ తరగతి మర్యాదలు

అంతర్జాలం ద్వారా సాగే పాఠాల్లో, చర్చల్లో విద్యార్థులు పాటించవలసిన ప్రవర్తనా నియమాలను ఆన్‌లైన్ తరగతి మర్యాదలు అంటారు. వీటి మూలాలు బడిలో కాక తొలినాటి కంప్యూటర్ నెట్‌వర్కుల్లో ఉన్నాయి. నెట్‌వర్క్ మర్యాదలపై 1995 అక్టోబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1855 పత్రం, వాక్యమంతా పెద్ద అక్షరాల్లో రాస్తే అరిచినట్లవుతుందని పేర్కొంది. పెద్ద, చిన్న అక్షరాల భేదం లేని తెలుగు లిపికి ఈ నియమం వర్తించదు. తెలుగులో మర్యాద బరువును ఎక్కువగా ‘గారు’, ‘మీరు’ వంటి మాటలు మోస్తాయి.

2020 మార్చిలో కోవిడ్ వల్ల బడులు మూతపడ్డాక ఈ మర్యాదలు తెలుగు విద్యార్థులకు నిత్యావసరమయ్యాయి. ఆ ఏడాది జులై 14న కేంద్రం విడుదల చేసిన ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు 30–45 నిమిషాల ఆన్‌లైన్ పాఠాలను రోజుకు 1–8 తరగతుల వారికి రెండింటికి, 9–12 తరగతుల వారికి నాలుగింటికి పరిమితం చేశాయి.

మాట్లాడనప్పుడు మైకు ఆపడం, వంతు కోసం చేయెత్తే గుర్తు నొక్కడం, అభిప్రాయాన్ని ఖండించినా వ్యక్తిని కించపరచకపోవడం, అనుమతి లేకుండా ఇతరుల చిత్రాలు పంచకపోవడం ముఖ్య నియమాలు. కెమెరా తెరిచి ఉంచాలా వద్దా అన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. డొంకరాయి పరిసరాల వంటి తూర్పు కనుమల గూడేల్లో కొండలు సిగ్నల్‌కు అడ్డొస్తాయి. ధ్వనికన్నా దృశ్యానికి డేటా చాలా ఎక్కువ కావాలి కనుక, అక్కడ కెమెరా ఆపడం అమర్యాదగా పరిగణించదగినది కాదు.