లిబరల్ అనే మాట సిక్కోలు ఎలా వచ్చింది?

మా పెద్దమావయ్యకి ‘లిబరల్’ అన్నది ఒక తిట్టు. శ్రీకాకుళం దగ్గర ఒక పాత బాప్టిస్టు సంఘంలో ఆయన ఎన్నో ఏళ్ళుగా డీకన్. చర్చిలోకి డ్రమ్స్ వస్తే లిబరల్. పాస్టరు వాక్యం వదిలేసి సినిమా కబుర్లు చెబితే లిబరల్. రోడ్డవతల రేకుల షెడ్డులో వెలిసిన మినిస్ట్రీవాళ్ళు, కానుక వేస్తే వందరెట్లు తిరిగొస్తుందని మైకులో చెప్పడమూ లిబరలే. “ఏటల్లుడూ ఇది, ఆరాధనా, ఆర్కెస్ట్రాయా?” అని పోయిన క్రిస్మస్‌కి నన్ను నిలదీశాడు, ఆ కీబోర్డేదో నేనే కొనిచ్చినట్టు.

పుస్తకాల్లో లిబరల్ థియాలజీ అనేది ఇది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ విశ్వవిద్యాలయాల్లో బైబిల్ని కూడా మిగతా ప్రాచీన గ్రంథాల్లాగే చదవడం మొదలైంది. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, అద్భుతాలని అక్షరాలా నమ్మాలా అన్న ప్రశ్నలు వచ్చాయి. డ్రమ్స్‌కీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. మరి ఈ మాట మావయ్య నోటికి ఎక్కడినుంచి వచ్చింది?

నా ఊహ, కెనడా నుంచి. లండన్ మిషనరీలు 1805లోనే విశాఖపట్నంలో దిగారు, కానీ ఉత్తరాంధ్ర బాప్టిస్టు సంఘాలు కెనడావాళ్ళ చేతుల మీదుగా పెరిగినవి. అదీ తిన్నగా రాలేదు. కెనడా తూర్పు తీరపు బాప్టిస్టులు కొందరు 1873లో సయాం వెళ్ళారు. అక్కడ అనుకున్నంత పని కనబడక 1875లో తెలుగుదేశానికి మారారు. భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం, పర్లాకిమిడి వాళ్ళ కేంద్రాలయ్యాయి. కాకినాడ వైపు ఒంటారియో బాప్టిస్టులది. 1912లో అంతా ఒకే బోర్డు కిందకి వచ్చింది.

ఆ ఒంటారియోలోనే గొడవ ముదిరింది. టొరంటోలో జార్విస్ స్ట్రీట్ బాప్టిస్టు చర్చి పాస్టరు టి.టి. షీల్డ్స్, బాప్టిస్టుల సొంత విద్యాసంస్థ మెక్‌మాస్టర్ మీద యుద్ధం ప్రకటించాడు. 1925లో అక్కడ ఎల్.హెచ్. మార్షల్ అనే ఇంగ్లీషాయన్ని ప్రొఫెసరుగా వేసుకున్నారు. యోనా చేప కడుపులో మూడు రోజులున్న కథని చరిత్రగానే తీసుకోవాలా అన్నది ఆ తగవులో ఒక ముక్క. షీల్డ్స్ తన పత్రిక ‘ది గాస్పెల్ విట్‌నెస్’లో వారం వారం దుమ్మెత్తిపోశాడు. 1926లో కన్వెన్షన్ ఆయన్ని అభిశంసించింది, మరుసటేడు ఆయన చర్చినే బయటికి పంపింది. ఆయన వెంట వెళ్ళినవాళ్ళు 1927లో వేరే యూనియన్ పెట్టుకున్నారు. అమెరికాలో మేచెన్ ‘క్రిస్టియానిటీ అండ్ లిబరలిజం’ 1923లోనే అచ్చయింది. లిబరలిజం అంటే క్రైస్తవంలో ఒక శాఖ కాదు, వేరే మతమే అన్నది ఆయన వాదం.

ఇక్కడి బళ్ళనీ ఆసుపత్రులనీ పోషించింది ఆ తగవు పడుతున్న సంఘాల చందాలే. కానీ తగవులోని సారం బొబ్బిలి దాకా రావడానికి ఇక్కడ చోటేదీ? యోనా గురించి సందేహపడిన ప్రసంగం మావయ్య జన్మలో వినలేదు. నాకు మాత్రం యోనా కథ ఒక గొప్ప కథ, అంతే. ఆ లెక్కన ఆ చర్చి బెంచీల మీద అసలైన లిబరల్ నేనొక్కణ్ణే. ఆ సంగతి మావయ్యకి ఇంకా చెప్పలేదు.

తెలుగువాళ్ళలో ఆ మాటకి నిజంగా తగినవాడు పండిపెద్ది చెంచయ్య. నెల్లూరులో పుట్టాడు, మద్రాసులో వకీలు, పుదుక్కోట సంస్థానంలో జడ్జీ. 1938 తాంబరం మిషనరీ మహాసభకి ముందు డచ్ పండితుడు క్రేమర్ క్రీస్తు సందేశానికీ ఇతర మతాలకీ మధ్య గట్టి గీత గీస్తే, చెంచయ్య, చక్కరై మొదలైనవాళ్ళు ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ అనే పుస్తకంతో ఎదురు నిలిచారు. హిందువుగా పుట్టినవాడు క్రీస్తు దగ్గరికి యూదుల పాత నిబంధన గుండానే రావాలా అని అడిగినవాడు చెంచయ్య. ఆ పేరు చెబితే మావయ్య, “ఎవులాయన? మన సంఘవేనా?” అన్నాడు. చెంచయ్య ఇంగ్లీషులో రాశాడు, మావాళ్ళు తెలుగులో ప్రార్థించారు. వాళ్ళకీ ఆయనకీ తగవు పడే అవకాశమే రాలేదు.

మావయ్య తరానికి సంప్రదాయమంటే అసలు గుర్తు వేరే ఉంది. 1947లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడినప్పుడు మా బాప్టిస్టులు అందులో చేరలేదు. శిశు బాప్తిస్మం వద్దు, బిషప్పు వద్దు. నమ్మినవాడికే ముంచి బాప్తిస్మం, పాస్టరుని పిలుచుకునేది సంఘం. సంఘకూటంలో లెక్కలు చదివి వినిపించాలి. రేకుల షెడ్డులో లెక్కలు ఎవరూ చదవరు, చర్చి అయ్యగారి ఇంటి పేరు మీదే ఉంటుంది. ఇక్కడ నేను పూర్తిగా మావయ్య పక్షం. విచిత్రమేమిటంటే షీల్డ్స్ శత్రువులు అద్భుతాలని తగ్గించినవాళ్ళు, మావయ్య శత్రువులు ప్రతి ఆదివారం అద్భుతాలు వడ్డించేవాళ్ళు. ఇద్దరికీ ఒకే పేరు తగిలిస్తే రెండోవాళ్ళు ఎందుకు గెలుస్తున్నారో అర్థం కాదు. మా చర్చిలో వెనక బెంచీల్లో నోరెత్తకుండా కూర్చున్న ఆడవాళ్ళు అక్కడ మైకు పట్టుకుని సాక్ష్యం చెబుతున్నారు. పాత సంఘాలేమో ఆస్తుల తగాదాలతో కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి.

సంగీతం దగ్గర మాత్రం మేమిద్దరం పడం. మావయ్య ప్రాణంలా చూసుకునే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఒకప్పుడు కొత్త పోకడే కదా! పర్లాకిమిడి ప్రాంతంలో బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి 1833లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఇంగ్లీషు ట్యూన్లకి తెలుగు మాటలు అతికించే రోజుల్లో ఆయన రాగతాళాలతో కీర్తనలు కట్టాడు. ఆ రాగాలు మరి గుళ్ళో వినబడేవే. లూథరన్లూ బాప్టిస్టులూ సీఎస్ఐవాళ్ళూ ఇప్పటికీ అవే పాడతారు. ఆనాటి డీకన్ ఎవరైనా మావయ్యలాగే అడిగి ఉంటే?

ఇదంతా చెబితే ఆయన కాసేపు ఆలోచించాడు. “పుస్తకంలో పాట మీద రాగం పేరు ఏసేరు కదేటి. ఆ కీబోర్డు గుంటడికి ఆ రాగవేటో తెల్సా?”

వెళ్ళి అడిగాను. ఇంటర్ చదివే కుర్రాడు. తెలీదన్నాడు, యూట్యూబ్ చూసి నేర్చుకున్నాడట.